పని ఎప్పుడు ఆపాలి? – చేతిపనులలో విరామాల చరిత్ర

బొటనవేలి గోరుకంటె కాస్త పెద్దదైన బొమ్మ. దాని కనుగుడ్డుకు తెల్లటి చుక్క, ఆ చుక్కమీద మరో నల్లటి చుక్క పెట్టాలి. సరదాకొద్దీ ఆ పని చేసే మనిషి ఎంతసేపు ఆగకుండా చేయగలడు? ఎప్పుడు కుంచె కింద పెట్టాలి? హెచ్.జి. వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకం రాసి బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి నియమాలు ఏర్పరచాడు. అప్పటినుండి పెరుగుతూ వచ్చిన ఆ అభిరుచిలో, ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల సైనికులకు గంటల తరబడి రంగులద్దేవారు ఇవాళ ప్రపంచమంతటా ఉన్నారు. వారిలో వారు తరచుగా వేసుకునే ప్రశ్న ఇది.

పైకి ఇది తీరుబడి ఉన్నవాళ్ల ప్రశ్నలా కనిపిస్తుంది. కాని కాస్త తరచి చూస్తే చాలా పాతది, చాలా బరువైనది. కంటిని, వేలిని, మెడను ఒకే బిందువు మీద నిలిపి పనిచేసే ప్రతి మనిషీ ఎదుర్కొన్న ప్రశ్న. మా కడప జిల్లాలో ప్రొద్దుటూరు కంసాలి కుంపటి, జమ్మలమడుగు సాలె మగ్గం, పులివెందుల వైపు రాతిపనివాడి ఉలి దీనికి ఎవరికి వారు జవాబు చెప్పుకున్నాయి. ఆ జవాబులు పుస్తకాలలో లేవు, పనిముట్లలో ఉన్నాయి.

ముందుగా సూక్ష్మచిత్రాల సంగతే చూద్దాం. అక్బరు కొలువులో తయారైన హంజానామాలో దాదాపు 1400 చిత్రాలుండేవనీ, వాటికి సుమారు పదిహేనేళ్లు పట్టిందనీ చెబుతారు. వాటి పరిమాణం పెద్దది. ఆ తర్వాత వచ్చిన చేతిపుస్తకాల చిత్రాలు మాత్రం అరచేతిలో ఇమిడేంత చిన్నవి. చిత్రకారుడు నేలమీద కూర్చుని, మోకాలు పైకెత్తి, దానికి పలక ఆనించి పనిచేసేవాడు. కుంచె ఉడుత తోక వెంట్రుకలతో కట్టినది. ఇంత సూక్ష్మమైన పనిలో ఇక విరామానికి చోటెక్కడ అనిపిస్తుంది. కాని ఆ పని జరిగే పద్ధతి గమనించండి. నాలుగైదు పొరల కాగితాన్ని అతికి 'వస్లీ' తయారు చేయాలి, అది ఆరాలి. రంగురాయిని నూరాలి, వడకట్టాలి, జిగురు కలపాలి. ఒక పూత వేశాక అది ఆరేదాకా దానిమీద రెండోది పడకూడదు. మధ్యమధ్య చిత్రాన్ని బోర్లా పెట్టి, నునుపైన అగేటు రాయితో వెనకనుండి రుద్దాలి. కన్ను చేసే పని ఆగినప్పుడు భుజం పని మొదలవుతుంది, భుజం అలసేసరికి రంగు ఆరి ఉంటుంది. 18వ శతాబ్దపు దక్కను చిత్రాలను పరిచయం చేసేటప్పుడు కర్నూలు, కడప నవాబుల కొలువుల పేర్లు కూడా వినిపిస్తాయి. కాబట్టి ఈ విద్య మన గడ్డకు పరాయిది కాదు.

శ్రీకాళహస్తి కలంకారీలో ఇది ఇంకా స్పష్టం. వెదురు కలంతో గీత గీసేది కొంతసేపే. బట్టను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టడం, ఎండలో ఆరవేయడం, రంగులో ఉడికించడం, పారే నీళ్లలో జాడించడం, మళ్లీ ఆరవేయడం – పనిలో పెద్దభాగం ఇదే. కలం పట్టినవాడు అలిసేలోపల బట్టే అతణ్ణి లేపి ఏటికి పంపేది.

ఇక ప్రొద్దుటూరు. బంగారు అంగళ్లకు పేరుపడిన ఊరు. అంగడిలో అద్దాల వెనక మెరిసే ప్రతి గొలుసుకూ ముందొక కుంపటి ఉంది. కంసాలి పని చూసినవారికి తెలుస్తుంది – వెంట్రుకంత తీగను వంచి, కొసలు కలిపి, వెలిగారం పెట్టి టంకం వేసేటప్పుడు అతడు ఊపిరి కూడా లెక్కపెట్టి వదులుతాడు. ఊదుగొట్టం నోట్లో ఉన్నంతసేపు కన్ను మంటమీదే. కాని మంట ఆగాక లోహం చల్లారాలి. నల్లబడిన నగ పులుపు నీళ్లలో నానాలి. కమ్మచ్చులో తీగ లాగేటప్పుడు ఒక్కో బెజ్జం దాటేకొద్దీ తీగ బిరుసెక్కుతుంది, దాన్ని మళ్లీ కాల్చి మెత్తబరచాలి. నిప్పుకు, నీటికి తమ సమయం తమకుంది. ఎంత తొందరపడినా కంసాలి వాటిని తొందరపెట్టలేడు.

పెన్న ఒడ్డునే పైకి వెళితే జమ్మలమడుగు. నల్లరేగడిలో పండిన పత్తి ఒకప్పుడు ఈ చుట్టుపక్కల మగ్గాలకు ఆధారం. గుంట మగ్గం మీద కూర్చున్న నేతగాడి కాళ్లు గుంటలో, చూపు అచ్చు దగ్గర. వందల పడుగు పోగులలో ఏ ఒక్కటి తెగినా కనిపెట్టాలి. ఒక చేత్తో నాడె విసిరి రెండో చేత్తో అందుకోవాలి. అయితే నాడెలో ఉన్న కండెకు కొంత నూలే పడుతుంది. కండె అయిపోతే మగ్గం ఆగుతుంది. పోగు తెగితే ఆగుతుంది. నేసిన గుడ్డను దోనెకు చుట్టేటప్పుడు ఆగుతుంది. ఇక పడుగుకు గంజి పెట్టే రోజున మగ్గం జోలికే పోరు. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు పరచి, ఇంటిల్లిపాదీ అటూ ఇటూ నడుస్తూ కుంచెతో దువ్వాలి. అది కాళ్లకు పని, కంటికి సెలవు. వాన పట్టుకుంటే గంజి ఆరదు, కాబట్టి ఆ పనీ సాగదు. వీటన్నిటికీ తోడు అమావాస్య ఒకటి. మన చేతివృత్తులవారిలో చాలామంది ఆనాడు పనిముట్టు ముట్టేవారు కాదు.

అక్కడినుండి దక్షిణానికి పులివెందుల వైపు తిరిగితే నూలు, బంగారం పోయి రాయి వస్తుంది. భూగర్భశాస్త్రంలో 'పులివెందుల క్వార్ట్జైట్', 'గండికోట క్వార్ట్జైట్' అని ఈ ఊళ్ల పేర్లతోనే రాతిపొరలున్నాయి. ఉలిని నిమిషాలలో మొద్దుబార్చే రాయి అది. ఇళ్లలో పరచుకునే నాపరాయి అంతకంటె మెత్తన, అయినా ఇనుమును అరగదీయక మానదు. రాతిపనివాడి విరామాన్ని నిర్ణయించేది ఉలి మొన. అది పోయినప్పుడు లేచి కొలిమి దగ్గరకు నడవాలి, కాల్చి, సాగగొట్టి, పదును పెట్టించుకుని రావాలి. ముద్దనూరు దగ్గర చింతకుంట రాతిగూళ్లలో ఎర్రటి, తెల్లటి బొమ్మలు గీసిన ఆదిమ చిత్రకారులకైతే పొద్దు గుంకడమే విరామం.

ఇన్ని పనులు చెప్పుకున్నాక ఒక సంగతి తేటపడుతుంది. 'ఎప్పుడు ఆపాలి' అన్నది పనివాడు తనకు తాను వేసుకోవలసిన ప్రశ్నగా ఉండేది కాదు. దానికి జవాబు కండెలోనో, కుంపటిలోనో, ఉలి మొనలోనో ముందే ఉండేది. విరామం అంటే పని లేకపోవడం కాదు, మరో అవయవానికి పని తగలడం.

అంతమాత్రాన పాతకాలం స్వర్గమని నేననను. ఆ విరామాలున్నా కళ్లు పోయాయి, నడుములు వంగాయి. ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జిని 1700లో వృత్తుల వల్ల కలిగే రోగాల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. అందులో సన్నని పని చేసేవారికి ఒక అధ్యాయం కేటాయించాడు. రోజంతా చిన్న వస్తువులమీద చూపు నిలిపేవారికి దృష్టి మందగిస్తుందనీ, మధ్యమధ్య పని వదలి, తలెత్తి, చూపును మరోవైపు మళ్లించాలనీ అతడి సలహా. మూడు వందల ఏళ్లు దాటినా ఆ సలహాలో మార్చవలసినది పెద్దగా కనిపించదు.

మారింది పని. ఇంగ్లండులో జాన్ కే 1733లో ఎగిరే నాడెకు పేటెంటు పొందాడు. తాడు లాగితే చాలు, నాడె దానంతటదే ఈ కొసనుండి ఆ కొసకు పరుగెత్తుతుంది. నేత వేగం దాదాపు రెట్టింపయింది. అది మన మగ్గాలకూ వచ్చింది. నేతగాడి చేయి అటూ ఇటూ చాచే అవసరం తగ్గింది, అదే కదలిక వేలసార్లు చేసే అవసరం పెరిగింది. తర్వాత కరెంటు దీపం వచ్చి పొద్దును పొడిగించింది. మర మగ్గం వచ్చి, పక్కనే నిలబడి పోటీ పెట్టింది. సావుకారు దగ్గర నూలు తెచ్చుకుని చీరకింత అని కూలి తీసుకునే ఇంట్లో, ఆగిన ప్రతి గడియా కూలిలో కోతే. ఒక్కొక్క మార్పూ పనిని సులువు చేసినట్లే కనిపిస్తుంది. కాని ఒక్కొక్కటీ ఒక ఆగే చోటును తీసివేసింది.

పనిముట్టు ఇవ్వని విరామాన్ని చట్టం ఇవ్వాలి కదా? 1881లో మన దేశపు మొదటి ఫ్యాక్టరీ చట్టం పిల్లల పనిని రోజుకు తొమ్మిది గంటలకు పరిమితం చేసి, గంట విశ్రాంతి ఇమ్మంది. 1891 చట్టం పెద్దలకు కూడా మధ్యాహ్నం అరగంట, వారానికి ఒక సెలవు చేర్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షను, కనీసం అరగంట విరామం లేకుండా ఎవరిచేతా వరుసగా అయిదు గంటలకు మించి పని చేయించరాదని విధించింది. మంచిదే. కాని ఈ చట్టాలన్నీ ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర ఆగిపోయాయి. ఇంటి వసారాలో భార్యాభర్తలు నడిపే మగ్గం ఫ్యాక్టరీ కాదు. అక్కడ యజమాని లేడు, కాబట్టి గంట కొట్టేవాడూ లేడు. ఆకలే యజమాని అయినచోట ఏ సెక్షను వర్తిస్తుంది?

సన్నని పనికి ఎంతసేపటికి విరామం కావాలో కొలిచి చెప్పిన తొలి వ్యక్తులలో అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ టేలర్ ఒకడు. సైకిళ్లలో వాడే చిన్న ఉక్కు గుండ్లను వెలుతురులో దొర్లిస్తూ, గీతలు, పగుళ్లు ఏరే పని 120 మంది ఆడపిల్లలు చేసేవారు. రోజుకు పదిన్నర గంటలు. గంటన్నర ఏకబిగిన చేసేసరికి వారిలో చిరాకు, తడబాటు మొదలవుతున్నట్లు కనిపించిందట. పనివేళను ఎనిమిదిన్నర గంటలకు తగ్గించి, ప్రతి గంటంబావుకూ పది నిమిషాలు తప్పనిసరిగా లేచి తిరగాలని నియమం పెట్టారు. పని తగ్గలేదు సరికదా, తప్పులు కూడా తగ్గాయి. ఇదంతా టేలర్ 1911లో ప్రచురించిన తన గ్రంథంలో గర్వంగానే రాశాడు. అయితే ఆ కథకు ఒక ముగింపు ఉంది. చివరకు 120 మంది పనిని 35 మందే చేయగలిగారు. మిగిలినవారికి అక్కడ ఆ పని లేకపోయింది. పది నిమిషాల విరామం వెనక ఉన్నది దయ కాదు, లెక్క. లెక్క నిజమైనదే, కాని దాని ఫలం ఎవరికి చేరిందో కూడా చూడాలి.

ఇక కంటి సంగతి. 1993లో ఇద్దరు జపాను వైద్యులు 104 మంది ఆఫీసు ఉద్యోగులను పరిశీలించారు. ఊరకే ఉన్నప్పుడు నిమిషానికి సగటున 22 సార్లు కొట్టుకునే రెప్ప, పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, కంప్యూటరు తెర చూసేటప్పుడు 7 సార్లే కొట్టుకున్నది. రెప్ప పడకపోతే కన్ను ఎండుతుంది. దగ్గరి వస్తువుమీద చూపు నిలిపినంతసేపు కంటిలోని కండరం బిగిసే ఉంటుంది. అందుకే నేటి కంటివైద్యులు ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై క్షణాలు చూడమంటారు.

ఇరవై నిమిషాలా, గంటంబావా, అయిదు గంటలా? ఈ మూడూ ఒకదానికొకటి విరుద్ధాలని నాకు తోచదు. ఒకే మనిషిలో మూడు గడియారాలున్నాయి. కంటి గడియారం నిమిషాలలో, మెడ, నడుము, శ్రద్ధల గడియారం గంటలో, కడుపు గడియారం పూటలో తిరుగుతాయి. చట్టం చూసింది కడుపును మాత్రమే. టేలర్ చూసింది శ్రద్ధను. కంటిని చూసినవాడు రామజ్జిని. మగ్గం మాత్రం మూడింటినీ ఒకేసారి చూసుకునేది – కండె మార్చడం కంటికి, గుడ్డ చుట్టడం నడుముకు, పడుగుకు గంజి పెట్టడం మొత్తం మనిషికి.

ఇప్పుడు బొమ్మలకు రంగులేసే ఔత్సాహికుడి దగ్గరకు మళ్లీ వద్దాం. అతడి ఆక్రిలిక్ రంగు నిమిషాలలో ఆరుతుంది. ఆరకూడదనుకుంటే గంటల తరబడి రంగును తడిగా ఉంచే పలక ఉంది. నూరే పని లేదు, రంగు సీసాలోనే సిద్ధం. ఎల్‌ఈడీ దీపానికి పొద్దు గుంకదు. తలకు తగిలించుకునే భూతద్దం బొమ్మను దగ్గరకు తెస్తుంది, కన్ను మాత్రం కదలదు. అతణ్ణి తొందరపెట్టే సావుకారు లేడు, ఆపమనే చట్టమూ లేదు. చిత్రమేమిటంటే, కూలికోసం చేసేవాడు నొప్పి తెలిసి ఆపలేకపోయాడు, ఇష్టంకొద్దీ చేసేవాడికి నొప్పి తెలిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. ఇద్దరిదీ ఇంటి మగ్గమే. మన ఊళ్లలో ఇంటిపట్టున రవికెలకు మగ్గం వర్క్ చేసే ఆడపడుచులు ఈ రెండింటి మధ్యా ఉన్నారు – కొంత ఇష్టం, కొంత కూలి, పెళ్లిళ్ల రోజుల్లో పూర్తిగా నిద్రలేమి. వారికి ఈ ప్రశ్న తీరుబడి ప్రశ్న కాదు.

కాబట్టి ఎంతసేపు చేయవచ్చు అంటే, నాకు తోచిన జవాబు ఇది: పనిముట్టు విరామం ఇవ్వడం మానేసింది కనుక దాన్ని మనమే మళ్లీ పనిలో పొదగాలి. అలారం పెట్టుకోవచ్చు, తప్పు లేదు. అంతకంటె పాత పద్ధతి నయమనిపిస్తుంది. కండెలో కొంచెం నూలే చుట్టుకున్నట్లు పలకమీద కొంచెం రంగే వేసుకోవడం. కుంచె కడిగే నీళ్లు బల్లమీద కాక పెరట్లో పెట్టుకోవడం. ఒక పూత అయ్యాక కిటికీలోంచి దూరపు చెట్టునో, కొండనో చూడడం. మోటుగా కనిపించినా, వందల ఏళ్లు చేతులను, కళ్లను కాసిన ఉపాయాలివే.

చివరిగా ఒక మనవి. పనిలో ఈ చిన్నచిన్న ఆగుళ్లకు ఒక్కో వృత్తిలో ఒక్కో మాట ఉండి ఉంటుంది. నేతలో, కంసాలి పనిలో, కమ్మరంలో, కుమ్మరంలో మీ ఇంటి పెద్దలు వాడిన మాటలు తెలిస్తే రాయండి. నిఘంటువులకు ఎక్కకముందే మాయమయ్యే మాటలవి. మగ్గాలు ఎలాగూ తగ్గిపోతున్నాయి, మాటలైనా మిగులుతాయి.