మంద కాడి పాట

నెగడు దగ్గరికి జరగండి నాయనా, చలి ఎక్కువైంది.

చెనిక్కాయ పెరికినాక మా చేన్లోకి మంద దిగుతాండె. పెనుకొండ కొండ కింద మేపుకొని పొద్దుగూకేటప్పటికి కురుబోళ్లు వస్తాండ్రి. జీవాలు రాత్రికి చేన్లో పండుకుంటే ఎరువు మాకు, గింజలు వాళ్లకు. సంగటి తిని, కంబళి కప్పుకొని, తోడేలు రాకుండా తెల్లవార్లూ కాయల్ల. నిద్ర ఆపుకోను పాడల్ల. ఆ గొంతు వినబడ్తాంటే జీవాలూ బెదరవు.

గొరవయ్య వచ్చినాడంటే పండగే. ఎలుగుబంటి బొచ్చు టోపీ, డమరుకం, పిల్లనగ్రోవి. మైలారలింగ దేవుణ్ని తల్చుకొని అడుగేస్తే పిల్లోళ్లమంతా ఎనకాల్నే. గొల్లోళ్లకు కాటమరాజు కథ ప్రాణం. కరువొచ్చి ఆవుల్ని నెల్లూరు సీమ బీళ్లకు తోలుకుపోయినాడు, మేతకు కట్టే పుల్లరి కాడ తగవొచ్చి మనుమసిద్ధి రాజుతో యుద్ధమాయె. అది 13వ శతాబ్దం మాట. రాజుల చరిత్ర పండితులు రాసిపెట్టిరి, కాటమరాజును మాత్రం పాటే బతికించింది.

మనకే కాదు, అమెరికాలోనూ ఇదే కథ. 1865లో బానిసతనం పోయినాక టెక్సాస్ నుంచి ఆవుల మందల్ని నెలల తరబడి రైలు కాడికి తోలిన కౌబాయ్‌లలో నలుగురికొకడు నల్లాయనే అంటారు చరిత్రకారులు. రాత్రి కాపలాలో పశువులు బెదరకుండా వాళ్లూ పాడిరి. 1910లో జాన్ లోమాక్స్ అచ్చేసిన కౌబాయ్ పాటల పుస్తకంలో 'హోమ్ ఆన్ ది రేంజ్' ఉంది. దాన్ని ఆయనకు పాడి వినిపించింది శాన్ ఆంటోనియోలో సారాయి అంగడి నడిపే నల్లాయన. పాట లోకమంతటికీ తెలుసు, ఆయన పేరు ఎంతమందికి తెలుసు? కంట్రీ పాటల్లో మోగే బాంజో కూడా ఆఫ్రికా వాద్యాల బిడ్డే. సినిమాల్లో మాత్రం కౌబాయ్ అంటే తెల్లోడే. 2024లో నల్ల గాయని బియాన్సే 'కౌబాయ్ కార్టర్' పాటల ఆల్బం తెచ్చినప్పుడు గానీ శానామందికి ఆ నల్లోళ్లు గుర్తుకు రాలే. నాకది అన్యాయమే అనిపిస్తుంది.

మన తెలుగు దిక్కు పాటల కవి సుద్దాల హనుమంతు పుణ్యాత్ముడు. గొల్లసుద్దుల బాణీ పట్టుకొని తెలంగాణ పోరాటాన్ని ఊరూరా వినిపించినాడు. పశువులు కాసే పిల్లోని మీద ఆయన కట్టిన పాట 'మా భూమి' సినిమాలో వచ్చింది.

మీ చేతుల్లో ఫోన్లున్నాయి కదా. హిందూపురం దోవలోనో ధర్మవరం చేన్లలోనో మంద కనబడితే ఆగండి. పెద్దాయన్ను అడిగి పాట పట్టి పెట్టండి. దాని కింద ఆయన పేరు, ఊరి పేరు తప్పకుండా రాయండి.