తుంగభద్ర నీళ్ళు, దివిసీమ చేపలు

మాది సింధనూరు తాలూకాలో ఒక క్యాంపు. తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండించడానికి కోస్తా నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు. సముద్రం నేను ఇంతవరకు చూడలేదు. అయినా చరిత్ర వ్యాసానికి ఉప్పునీటి చేపల వేట తీసుకున్నాను. దానికి కారణం మా నాయనమ్మ.

ఆమె పుట్టింది నాగాయలంక వైపు. కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండుగా చీలి, దివిసీమను మధ్యలో పెట్టుకుని సముద్రానికి పోతుంది. చివర్న అంతా మడ అడవి, బురద, పాయలు. వానాకాలం వరదకి పాయల్లో నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఆశ్వయుజం, కార్తీకం వచ్చేసరికి వరద తగ్గి ఉప్పునీరు మళ్ళీ లోపలికి ఎక్కుతుంది. వేటకి ఆ రెండు నెలలే మంచివంటది నాయనమ్మ. పోటు వచ్చినప్పుడు చేపలు నీళ్ళతోపాటు మడచెట్ల వేళ్ళ మధ్యకి మేతకు పోతాయి. అప్పుడు పాయకి అడ్డంగా వల కట్టేస్తారు. ఆటుకి నీరు దిగిపోతే చేపలు వల దగ్గర ఆగిపోతాయి. పండుగప్ప, రొయ్యలు, మండపీతలు దొరికేవి. అమావాస్యకి, పున్నానికి పోటు పెద్దది, వేటా పెద్దదే. అందుకే తిథి చూడకుండా పడవ తీసేవాళ్ళు కాదట.

1977 నవంబరు 19న, ఆ కార్తీకంలోనే ఉప్పెన వచ్చింది. కెరటం సుమారు 5 మీటర్ల ఎత్తు. 10,000 మందికి పైగా చనిపోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. నాయనమ్మ వాళ్ళ పెద్దన్నయ్య వల దగ్గరికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మరుసటి ఏడు ఆమెకు పెళ్ళి చేసి ఈ క్యాంపుకి పంపించారు.

మ్యాపులో వేలు పెట్టి చూస్తే నాకు ఒక సంగతి తెలిసింది. మా కాలువ నీళ్ళు తుంగభద్రవి. తుంగభద్ర సంగమేశ్వరం దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే మా పొలానికి మళ్ళించకపోతే ఈ నీళ్ళు నాయనమ్మ పుట్టిన ఊరికే పోయేవి! 1855లో బెజవాడ ఆనకట్ట, 1953లో తుంగభద్ర డ్యాము, 1967లో నాగార్జునసాగర్. డ్యాముల పాఠంలో ఎకరాలు, కరెంటు లెక్కలే చదువుతాం. కానీ రొయ్యపిల్లలు పెరిగేది ఉప్పు, తీపి కలిసిన నీళ్ళలో. పైనుంచి వరద తగ్గేకొద్దీ పాయల్లో ఉప్పు పెరుగుతుంది. మాకు వడ్లు వచ్చిన నీళ్ళే అక్కడ చేపలకి తక్కువయ్యాయి.

ఈ సంగతి నాయనమ్మకి చెప్పాను. కోపం వస్తుందనుకున్నా. "మరి ఆ నీళ్ళ అన్నమే కదరా నలభై ఏళ్ళకి పైగా తిన్నాను" అంది. కాసేపాగి, "మా అన్నయ్యకి తెలిస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు" అంది.

మా కాలువలో పట్టిన చేప కూర చేస్తే ఆమె ఇప్పటికీ చప్పగా ఉందనే అంటుంది. ఉప్పు వేసినా అంతే. పోయిన కార్తీక పున్నమికి వాకిట్లో కూర్చుని చందమామని చూసి, "ఈపాటికి పాయలోకి నీళ్ళెక్కుతుంటాయి" అంది.