గిమ్లెట్ గ్లాసులో నిమ్మరసము

పాశ్చాత్య దేశములలో ఇంటియందే సులభముగా తయారు చేసుకొను కాక్‌టెయిల్ పానీయములలో గిమ్లెట్ ఒకటి. గిమ్లెట్ అనగా వడ్రంగి వాడు చిన్న చేతి బరమా. జిన్ అను మద్యము, తీపి కలిపిన నిమ్మరసము, మంచుగడ్డలు: ఇందులో ఉండునవి ఇంతే. 1930లో లండనులో వెలువడిన ‘సవాయ్ కాక్‌టెయిల్ పుస్తకము’ జిన్ ఒక పాలు, రోజ్ కంపెనీ వారి నిమ్మ షర్బతు ఒక పాలు కలుపుమని చెప్పినది. తాజా నిమ్మకాయలుండగా సీసాలోని షర్బతు ఎందుకు? ఈ చిన్న ప్రశ్నకు జవాబు వెదకినచో, వేలకొలది నావికుల ప్రాణములతో ముడిపడిన కథ బయటపడును.

నెలల తరబడి సముద్రముపై గడిపిన నావికులకు వెనుకటి కాలమున స్కర్వీ అను వ్యాధి సోకుచుండెడిది. చిగుళ్లు వాచి రక్తము కారును. మానిన గాయములు తిరిగి విడిపోవును. తుదకు మరణము సంభవించును. 1747లో సాలిస్‌బరీ అను ఓడపై వైద్యుడు జేమ్స్ లిండ్ పన్నెండుగురు రోగులను ఇద్దరిద్దరుగా విభజించి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క చికిత్స చేసినాడు. నారింజలు, గజనిమ్మపండు తిన్న ఇద్దరును కొద్ది రోజులలోనే తేరుకొన్నారు. వినిగరు త్రాగినవారికి గాని, నీరు కలిపిన గంధకికామ్లము త్రాగినవారికి గాని అట్టి మేలు కలుగలేదు. ఈ రెండును పుల్లని ద్రవములే. అనగా వ్యాధిని కుదుర్చునది పులుపు కాదని ఆ ప్రయోగమే తెలిపినది. కాని ఆ సంగతిని గ్రహించినవారు లేరు.

1795లో వైద్యుడు గిల్బర్ట్ బ్లేన్ ప్రభృతుల ప్రోద్బలముతో బ్రిటిష్ నౌకాదళము గజనిమ్మ రసమును దినబత్తెములో చేర్చినది. ఒక్కొక్కనికి రోజునకు ముప్పాతిక ఔన్సు, అనగా సుమారు 21 మిల్లీలీటర్లు. రసము చెడకుండ కొంత బ్రాందీ కలిపి నిలువ చేసెడివారు. స్కర్వీ నౌకాదళమునుండి దాదాపు అంతరించినది.

ఇక్కడ పండ్ల పేర్లను గూర్చి ఒక మాట చెప్పవలెను. గజనిమ్మ పెద్దది, పసుపు పచ్చనిది, మందమైన తొక్క కలది. మధ్యధరా ప్రాంతమునుండి వచ్చెడిది. మన గూడూరు ప్రాంతపు తోటలలో పండు చిన్న, పలుచని తొక్క నిమ్మ వేరు. ఇంగ్లీషులో వీనికి వేర్వేరు పేర్లున్నను, ఆనాటి నావికులు రెంటి రసమును ఒకే పేరుతో పిలిచెడివారు. 1860 తరువాతి దశాబ్దములో నౌకాదళము బ్రిటిష్ వలసలైన వెస్టిండీసు దీవులలో పండు చిన్న నిమ్మకు మారినది. దాని పులుపు ఎక్కువ గనుక గుణమును ఎక్కువే అని తలచినారు.

1867లో బ్రిటిష్ చట్టము వర్తక నౌకలలోను ఇట్టి రసము ఉండి తీరవలెనని విధించినది. ఆ సంవత్సరమే స్కాట్లండులోని లీత్ రేవునకు చెందిన లాక్లన్ రోజ్, మద్యము కలుపకుండ చక్కెరతో నిమ్మరసమును నిలువ చేయు పద్ధతికి పేటెంటు పొందినాడు. మద్యము అక్కరలేకుండ చేయుటకు పుట్టిన ఈ షర్బతునే నౌకాధికారులు తమ జిన్‌లో కలుపుకొనుట విచిత్రము! మామూలు నావికులకు రమ్ము బత్తెము; జిన్ అధికారుల పానీయము. ధాన్యపు మద్యమునకు జూనిపర్ కాయల పరిమళము పట్టించినదే జిన్. పానీయము రుచి బాగుగనే కుదిరినది. చెడినది మందు.

ఆవిరి ఓడలు వచ్చి ప్రయాణములు కురచవైనందున ఈ లోపము చాలకాలము బయటపడలేదు. 1875లో జార్జి నేర్స్ నాయకత్వమున ఉత్తర ధ్రువము వైపు వెళ్లిన దళము శీతకాలమంతయు ఓడలపై నిమ్మరసము త్రాగినది. అయినను 1876 వసంతమున మంచుబండ్లతో బయలుదేరినవారిలో స్కర్వీ విజృంభించినది. బండ్లపై నిమ్మరసము తీసికొనిపోలేదని విచారణ సంఘము నాయకుని తప్పుపట్టినది గాని, రసమునే శంకించలేదు. తరువాత కొందరు వైద్యులు చెడిన డబ్బా మాంసపు విషమే స్కర్వీకి కారణమని వాదించినారు. కుదిరిన చికిత్స కాస్తా మరుగున పడినది.

1907లో నార్వేలో హోల్‌స్ట్, ఫ్రోలిక్ అను శాస్త్రజ్ఞులు ఆహారభేదముచే గినీ పందులకు స్కర్వీ కలిగించగలిగినారు. దానితో పరీక్షకు సాధనము దొరికినది. 1918లో లండనులోని లిస్టర్ సంస్థలో హారియట్ చిక్, ఆమె సహచరులు రెండు రసములను పోల్చి చూచినారు. తాజా చిన్న నిమ్మ రసమునకు గజనిమ్మ రసపు శక్తిలో సుమారు నాలుగవ వంతు మాత్రమే కనబడినది. నిలువ చేసిన రసము దాదాపు నిష్ఫలము. 1928లో సెంట్ గ్యోర్గీ వేరుపరచిన పదార్థమే విటమిన్ సి అని 1932లో తేలినది. దానిని ఆస్కార్బిక్ ఆమ్లమన్నారు. పులుపునకు ముఖ్య కారణమైన సిట్రిక్ ఆమ్లము వేరు, ఇది వేరు. గాలి, వేడిమి, రాగి పాత్రల స్పర్శ దీనిని త్వరగా నశింపజేయును.

ఇప్పుడు లెక్క చూడుడు. 1944లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆరంభమైన పరీక్షలో స్కర్వీ నివారణకు రోజునకు 10 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలునని తేలినది. 21 మిల్లీలీటర్ల తాజా గజనిమ్మ రసములో సుమారు 8 నుండి 10 మిల్లీగ్రాములుండును. దానిలో నాలుగవ వంతనగా రెండున్నరకు మించదు. పాత నౌకాదళము సరిగా గట్టుమీద నిలిచినది. కొత్త నౌకాదళము జారిపోయినది.

నేడు ఇంటిలో గిమ్లెట్ చేయువారు పలువురు సీసా షర్బతు మాని 60 మిల్లీలీటర్ల జిన్‌కు తాజా నిమ్మరసము 20, చక్కెర పాకము 20 చొప్పున మంచుతో బాగుగా కుదిపి వడగట్టుదురు. ముందుగా నిమ్మతొక్కను చక్కెరతో నలిపి ఉంచినచో తొక్కలోని తైలము చక్కెరకు పట్టి పరిమళమిచ్చును. మంచు చల్లబరచుటయే గాక, కరగి ఘాటును తగ్గించును. రసము అప్పటికప్పుడు పిండవలెను. మద్యము ఔషధము కాదు. దాని హాని జగద్విదితము. జిన్‌కు బదులు నీరు పోసినను ఈ షర్బతునకు లోటు లేదు, రోజ్ ఉద్దేశించినదియు అదియే.

ఇంగ్లీషు పుస్తకములనుండి వంటలను, వైద్యమును తెలుగు చేయునప్పుడు ఈ రెండు పండ్లను ‘నిమ్మ’ అని ఒకటిగా వ్రాయుట నేటికిని కలదు. షర్బతులో ఆ పొరపాటు వలన రుచి మాత్రమే మారును. ఓడపై అదే పొరపాటు మనుష్యులను బలిగొన్నది.