ఒకే పలక మీద పలువురి చిప్‌లు

పెన్షనరు మిత్రులలో చాలామంది ఏటా నవంబరులో వేలిముద్ర పెట్టి జీవన ప్రమాణ పత్రం ఇస్తున్నారు గదా. ఆ యంత్రంలో గోరంత చిప్ ఉంటుంది. సిలికాన్ పలక మీద పొరలు పొరలుగా దానిని అచ్చు వేస్తారు. ఒక్కో పొరకు మాస్కు అనే మూసపలక కావాలి. చిప్ ఒక్కటి చేసినా వేయి చేసినా మూసల ఖర్చు తప్పదు. అందుకే ఒకప్పుడు పెద్ద కంపెనీలకు తప్ప కాలేజీ పిల్లలకు ఆ భాగ్యం లేకపోయింది.

ఈ చిక్కు విప్పిన ఉపాయం మన ప్రెస్సు వాళ్లకు కొత్త కాదు. నలుగురి విజిటింగ్ కార్డులు ఒకే షీటు మీద అచ్చువేసి కోసి ఇస్తారు, ఖర్చు నలుగురూ పంచుకుంటారు. అమెరికాలో జిరాక్స్ పరిశోధనశాలలో పనిచేసిన లిన్ కాన్వే అనే ఆవిడ 1979లో చిప్‌లకు ఇదే పద్ధతి పెట్టింది. పలు విశ్వవిద్యాలయాల నుంచి 124 మంది చేసిన 82 డిజైన్లు కంప్యూటర్ల ద్వారా వచ్చాయి. డిసెంబరు 4 గడువు. వాటిని కలిపి హ్యూలెట్ ప్యాకార్డ్ వారి చేత తయారు చేయించి 29 రోజులలో చిప్‌లు పంపిణీకి సిద్ధం చేశారు. మన ఆఫీసుల్లో ఒక మెడికల్ బిల్లు 29 రోజులలో పాసయితే ఎంత సంతోషించేవాళ్లమో గుర్తుచేసుకోండి! 1981లో అక్కడ మోసిస్ అనే సంస్థ ఈ పనిని స్థిరంగా చేపట్టింది.

గుమాస్తాగా బతికినవాణ్ణి కాబట్టి నన్ను ఆకట్టుకున్నది సవరణల సంగతి. గడువు లోపల తప్పు కనబడితే దిద్దిన డిజైను మళ్లీ పంపవచ్చు. అయితే కేటాయించిన జాగా దాటరాదు. తీగల మధ్య ఎడం నియమం ప్రకారం ఉందా అని తిరిగి తనిఖీ చేయాలి. గీసిన బొమ్మ అసలు సర్క్యూట్‌తో సరిపోయిందా అన్నది మరో తనిఖీ. ఇది మన క్యాష్ బుక్కును ట్రెజరీ లెక్కతో టాలీ చేయడం వంటిదే. చిన్న దిద్దుబాటు చేశామని తనిఖీ మానేస్తే ఆ దిద్దుబాటే కొత్త తప్పు తేవచ్చు. దిద్దిన ప్రతికి బదులు పాత ప్రతి వెళ్లిందా, ఇక అంతే. గెజిట్‌కయితే తప్పొప్పుల పట్టిక వేస్తాము, చిప్‌కు అది అతికించలేము. 1994లో ఇంటెల్ వారి పెంటియం చిప్ కొన్ని భాగహారాలలో తప్పు చూపిందని బయటపడితే ఆ కంపెనీ 47.5 కోట్ల డాలర్లు నష్టం రాసుకుంది. అంతటివారే అలా పడితే పిల్లల మాట చెప్పాలా?

మన దేశంలో పంజాబులోని మొహాలీ ప్రభుత్వ కర్మాగారంలో 1984లో ఉత్పత్తి మొదలయింది. 1989 ఫిబ్రవరి 7న అగ్నిప్రమాదంలో అది కాలిపోయింది. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. మనుషులను తయారు చేయడం మాత్రం ఆగలేదు. చిప్ డిజైను నేర్పేందుకు కేంద్రం 1998లో పెట్టిన పథకం 2005 నాటి రెండవ విడతలో మన వరంగల్ ఎన్.ఐ.టి. కూడా చేరింది. మొగుళ్లపల్లి ప్రాంతం వాళ్లం ఆర్.ఇ.సి. అని పిలిచే కాలేజీయే అది.

ఇప్పుడు బెంగళూరు సి-డాక్‌లోని చిప్-ఇన్ కేంద్రం కాలేజీల డిజైన్లు సేకరించి, కలిపి, మొహాలీకి పంపుతున్నది. అలా విద్యార్థులు చేసిన చిప్‌లను 2025 సెప్టెంబరు 2న ఢిల్లీ సభలో ప్రధానికి చూపించారు. సంతోషమే. నాకు తోచేది ఒకటే, ఎన్ని చిప్‌లు అన్నదానికన్నా ఎన్ని రోజులలో అన్నది చూడాలి. పలక మీద అన్ని పొరలూ పూర్తయి చిప్ చేతికి రావడానికి నెలలు పడుతుంది. లోపం కనబడితే మళ్లీ తర్వాతి విడతకు దిద్ది పంపాలి. అది వచ్చేసరికి గీసిన పిల్లవాడు పరీక్షలు రాసి కాలేజీ వదిలి పోయి ఉంటాడు. డబ్బా విప్పి పరీక్షించేది అతని జూనియర్లు.