పేనుబంక మీద సబ్బు నీళ్ళు

గులాబీ చిగుళ్ళకు పురుగు పడితే సబ్బు నీళ్ళు కొట్టడం నేటి మిద్దెతోటల వాళ్ళు కనిపెట్టిన చిట్కా కాదు. 1840ల నాటికే మసాచుసెట్స్‌లో డేవిడ్ హ్యాగర్‌స్టన్ అనే తోటమాలి తిమింగలం నూనె సబ్బును నీళ్ళలో కరిగించి గులాబీల మీద చల్లాడు. అక్కడి ఉద్యాన సంఘం అతనికి బహుమతి కూడా ఇచ్చింది.

తర్వాత సబ్బు వెనకబడింది. 1880లలో ఫ్లోరిడా నారింజ తోటల్లో పొలుసు పురుగుతో పోరాడిన హెన్రీ హబ్బర్డ్ రెండు గ్యాలన్ల కిరోసిన్, గ్యాలన్ నీళ్ళు, అర పౌను సబ్బు కలిపి బాగా చిలికి, పలుచన చేసి కొట్టమన్నాడు. చంపే పని కిరోసిన్‌ది, దాన్ని నీళ్ళలో కలిపే పని సబ్బుది. వేపనూనె కలిపేటప్పుడు మనమూ సబ్బును ఇలాగే చూస్తాం. నా దృష్టిలో అది దాని విలువను తగ్గించడమే. సబ్బులోని కొవ్వు ఆమ్లాలకే పురుగును చంపే గుణముందని 1920లలోనే ప్రయోగాలు తేల్చాయి. అయితే 1939లో పాల్ ముల్లర్ పురుగులను చంపే డీడీటీ శక్తిని గుర్తించాక వాటిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

1962లో రసాయన పురుగుమందుల హానిని చాటిన రేచెల్ కార్సన్ పుస్తకం ‘సైలెంట్ స్ప్రింగ్’ వచ్చాక గాలి మళ్ళింది. 1970లలో కెనడా అటవీ పరిశోధకుడు జార్జ్ ప్యూరిచ్ ఫిర్ చెట్ల రసం పీల్చే పురుగు మీద కొవ్వు ఆమ్లాలనూ వాటి లవణాలనూ పరీక్షించాడు. పొటాషియం సబ్బులు పురుగుమందుగా దుకాణాలకు చేరడానికి ఆ పని దారి వేసింది. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వేప సబ్బు, కానుగ సబ్బు తయారుచేసింది.

మందార మొగ్గ కింద తెల్లగా దూదిలా అంటుకున్న పిండినల్లిని చూడండి. ఆ మైనపు పూత మీద మామూలు నీళ్ళు నిలవవు, జారిపోతాయి. సబ్బు నీళ్ళు పూతను తడిపి, ఒంటికి తగిలి, కణాల పొరలను చెడగొడతాయి. పురుగు ఎండిపోతుంది. అదంతా తడి ఆరేలోపే జరగాలి. ఆరాక వచ్చి వాలిన తెల్లదోమకు ఏమీ కాదు. అందుకే ఆకు అడుగు భాగం తడిసేలా, ఎండ తగ్గాక కొట్టాలి, కొన్నాళ్ళకు మళ్ళీ కొట్టాలి. ఒకటి రెండు శాతం ద్రావణం చాలు, చిక్కనైతే ఆకులు మాడతాయి. బట్టలుతికే డిటర్జెంట్ దీనికి బదులు కాదు. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట సబ్బు విరిగి తెట్టు కడుతుంది, అక్కడ వాన నీళ్ళు పట్టి వాడుకోవాలి.