నలభై ఎనిమిది గళ్లలో ఒక సొంత గడి

నింటెండో వారి వీ ఆట పెట్టెను ఆన్ చేయగానే టీవీ తెర నిండా గళ్లు పరుచుకుంటాయి. పేజీకి 12 చొప్పున నాలుగు పేజీలు, మొత్తం 48. ఒక్కో గడిలో ఒక్కో ఛానల్ ఉండేది: డిస్కు ఆడించేదొకటి, ఫొటోలు చూపేదొకటి, వాతావరణం చెప్పేదొకటి, ఆటలు కొనుక్కునే షాపు ఒకటి. 2006 నవంబరులో అమెరికాలో అమ్మకానికి వచ్చిన నాటి నుంచీ ఆ గళ్లలో ఏముండాలో నిర్ణయించేది కంపెనీయే. డబ్బు పెట్టి కొన్న మనిషి గళ్లను అటూ ఇటూ జరుపుకోగలడు, అంతే. తాను రాసుకున్న ప్రోగ్రాముకు అందులో చోటు లేదు.

ఆ చోటు కోసం జరిగిన ప్రయత్నమే సొంత ఛానళ్ల కథ. వీ మీద జరిగిన హ్యాకింగ్ అనగానే చాలామందికి దొంగ కాపీల ఆటలే గుర్తొస్తాయి. ఆ కళ్లద్దాలతో చూస్తే ఇందులోని అసలు పనితనం కనిపించదు.

మొదటి తాళాన్ని ఒక హ్యాకర్ల బృందం చిన్న శ్రావణంతో తీసింది. మొదట వచ్చిన వీ పెట్టెలు పాత గేమ్‌క్యూబ్ ఆటలు కూడా ఆడిస్తాయి. అలా ఆడించేటప్పుడు 64 మెగాబైట్ల మెమరీ చిప్‌లో 16 మెగాబైట్లు మాత్రమే ఆటకు అందుతాయి. మిగతాదాన్ని తుడిచేయకుండా వదిలేశారు. బోర్డు మీద మెమరీ అడ్రసు లైన్లను శ్రావణం మొనతో కలిపి, దాచి ఉంచిన ఆ భాగాన్ని కొంత కొంతగా చదివారు. అందులో రహస్య తాళంచెవులు దొరికాయి. ఆ బృందం ట్వీజర్స్ (శ్రావణాలు) అన్న పేరు పెట్టుకున్నది అందుకే. 2007 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సదస్సు కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్‌లో, మార్చిన లెగో స్టార్ వార్స్ డిస్కుతో వీ మీద సొంత కోడు నడిపి చూపారు.

తాళంచెవులు దొరికినంత మాత్రాన ఛానల్ తయారు కాదు. కంపెనీ డిజిటల్ సంతకం లేనిదాన్ని వీ లోపలికి రానివ్వదు. ఇక్కడే ప్రోగ్రామర్లు ఇప్పటికీ చెప్పుకునే పొరపాటు బయటపడింది. సంతకాన్ని విప్పితే వచ్చే 20 బైట్ల ముద్రనూ, ఫైలు నుంచి లెక్కగట్టిన ముద్రనూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. నింటెండో కోడు వాటిని మామూలు అక్షరాల వరుసలుగా పోల్చింది. అక్షరాల వరుసలో సున్నా బైటు వస్తే అక్కడికి వరుస అయిపోయినట్టే, ఆ తర్వాత చూడదు. సంతకం చోట అన్నీ సున్నాలే నింపితే విప్పినా సున్నాలే వస్తాయి. ఇక ఫైలు ముద్ర మొదటి బైటు కూడా సున్నా అయితే చాలు, రెండూ ఒకటేనని యంత్రం ఒప్పేసుకుంటుంది. ఫైలులో పనికిరాని ఒక అంకెను మార్చుతూ పోతే సగటున 256 ప్రయత్నాల్లో ఒకసారి అలా కుదురుతుంది. కంప్యూటరుకు అది రెప్పపాటు పని. ట్రూచా బగ్ అని పేరుపడిన ఈ లోపమే సొంత ఛానళ్లకు పునాది.

2008 ఫిబ్రవరిలో మామూలు జనానికీ దారి దొరికింది. ట్విలైట్ ప్రిన్సెస్ ఆటలో గుర్రానికి మనమే పేరు పెట్టాలి. ఆ పేరును మితిమీరిన పొడవుతో సేవ్ ఫైలులో ఇరికించి, ఎస్‌డీ కార్డు ద్వారా వీలోకి ఎక్కించేవారు. ఆట తెరిచి ఎదురుగా ఉన్న మనిషిని పలకరిస్తే పేరు దాని హద్దు దాటి పొంగి, సొంత కోడు నడిచేది. కానీ ప్రతిసారీ డిస్కు పెట్టాలి, ఆట తెరవాలి. ఆ తిప్పలు తీర్చడానికి 2008 మేలో, హోంబ్రూ అని పిలిచే ఇలాంటి సొంత ప్రోగ్రాముల కోసం హోంబ్రూ ఛానల్ వచ్చింది. అదీ ఒక గడిలో కూర్చుని, కార్డులోని యాప్స్ ఫోల్డరు చూసి, అక్కడున్న ప్రోగ్రాములన్నిటినీ వరుసగా చూపేది.

అయినా జనానికి తృప్తి లేదు. సినిమాలు చూసే ప్లేయరుకో, పాత ఆటల ఎమ్యులేటరుకో విడిగా గడి కావాలి, నేరుగా తెరుచుకోవాలి. దానికి పుట్టిందే ఫార్వార్డర్. ప్రోగ్రాము మొత్తాన్ని వీ లోపలి 512 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీలో పెట్టరు. గడిలో ఉండేది చిన్న కోడు ముక్క మాత్రమే. నొక్కగానే అది ఎస్‌డీ కార్డు తెరిచి, చెప్పిన ఫోల్డరులో బూట్ డాట్ డాల్ ఫైలును వెతికి, మెమరీలోకి తెచ్చి, పని దానికి అప్పగించి తప్పుకుంటుంది. ప్రోగ్రాముకు కొత్త వెర్షన్ వస్తే కార్డులో ఫైలు మార్చుకుంటే సరిపోతుంది, ఛానల్ జోలికి పోనక్కర్లేదు. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చే ఆలోచన ఇదే. ఇంత తక్కువ పని చేస్తూ ఇంత ఉపయోగపడే ప్రోగ్రాములు అరుదు.

కోడు కంటే ముస్తాబుకే ఎక్కువ పొద్దు పట్టేది. ప్రతి ఛానల్‌కూ గడిలో కదిలే చిన్న బొమ్మ, తెరిచాక పెద్ద బ్యానరు, దానికో సంగీతపు ముక్క ఉండాలి. ఏ బొమ్మ ఎక్కడుండాలో ఒక ఫైలు, ఎలా కదలాలో మరో ఫైలు చెబుతాయి. అన్నీ కలిపి, నాలుగక్షరాల గుర్తు ఇచ్చి, వ్యాడ్ ఫైలుగా మూటగట్టాలి. మొదట్లో చేత్తో చేసిన ఈ పనిని కస్టమైజ్‌మీ లాంటి విండోస్ ప్రోగ్రాములు తేలిక చేశాయి. కోడు రాయడం రానివాళ్లు కూడా పాత ఛానల్ ఒకటి తీసుకుని బొమ్మలు మార్చి తమది చేసుకున్నారు.

ప్రమాదమూ ఇక్కడే పొంచి ఉంది. గళ్ల తెరను చూపించేటప్పుడే వీ ప్రతి ఛానల్ బొమ్మనూ చదువుతుంది. ఒక్క బ్యానరు తప్పుగా తయారైనా తెర అక్కడే బిగుసుకుపోతుంది. మెనూ తెరుచుకోకపోతే ఆ ఛానల్‌ను తీసేసే దారీ ఉండదు, పెట్టె ఇటుకలా పనికిరాకుండా పోతుంది. 2009లో ట్వీజర్స్ బృందమే విడుదల చేసిన బూట్‌మీ, మెమరీ మొత్తాన్ని కార్డులోకి కాపీ తీసుకుని అవసరమైతే తిరిగి రాసే వీలు కల్పించింది. పాత పెట్టెల్లో అది మెనూ కంటే ముందే లేచేది. తర్వాత వచ్చిన వాటిలో కంపెనీ ఆ సందు మూసేసింది.

నింటెండో చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2008 జూన్ అప్‌డేట్ గుర్రం పేరు సేవ్ ఫైలును వెతికి చెరిపేసింది. అదే ఏడాది సంతకం లోపాన్నీ పూడ్చింది. 2009 సెప్టెంబరు అప్‌డేట్ హోంబ్రూ ఛానల్‌నే తీసేయబోయింది. అంతలోనే ఆ ఛానల్ కొత్త గుర్తుతో తిరిగొచ్చింది. దొంగ కాపీలవాళ్లు ఇవే లోపాలు వాడుకున్న మాట నిజం. ట్వీజర్స్ బృందం మాత్రం దొంగ ఆటలకు సాయపడేది లేదని మొదటి నుంచీ గట్టిగా నిలబడింది. ఆ తేడాను చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

2013 జూన్‌లో నింటెండో వార్తలు, వాతావరణం ఛానళ్లకు సమాచారం పంపడం మానేసింది. 2019 జనవరి 30న షాపు ఛానల్ మూసేసింది. కంపెనీ ఇచ్చిన ఆ గళ్లు మూగబోయాయి, హోంబ్రూ గళ్లు పనిచేస్తూనే ఉన్నాయి. రీకనెక్ట్24 అనే ఔత్సాహికుల బృందం సొంత సర్వర్లు పెట్టి, నింటెండో వదిలేసిన వార్తల, వాతావరణ ఛానళ్లకు మళ్లీ సమాచారం అందించడం మొదలుపెట్టింది.