కారంపూడి కొణతాలు

ఈపూరు వైపు వచ్చినవారు వినుకొండ చూసి వెనుదిరగడమే ఎక్కువ. నేను ఈసారి ఉత్తరంగా కారంపూడి దాకా వెళ్ళాను. యుద్ధ చరిత్రను చూపే మ్యూజియం అనగానే మనకు సాలార్‌జంగ్‌లోని ఆయుధాల గదులో, విశాఖ తీరాన 2002లో ఒడ్డుకు చేర్చి నిలిపిన కురుసుర జలాంతర్గామియో స్ఫురిస్తాయి. నాగులేటి దగ్గరి వీరుల గుడిని ఎవరూ ఆ పేరుతో పిలవరు. అక్కడ గాజు పెట్టెలు లేవు, వివరాలు రాసిన అట్టముక్కలు లేవు. ఉన్నవి పసుపు కుంకుమలద్దిన ఇనుప ఆయుధాలు. స్థానికులు వాటిని కొణతాలంటారు.

కథ మిత్రులందరికీ తెలిసినదే. అనుగురాజు కొడుకులు సవతి సోదరులు. నలగామరాజు గురజాలలో, మలిదేవుడు మాచర్లలో. కోడిపందెంలో ఓడి మలిదేవుని పక్షం ఏడేళ్ళు వలస పోయింది. గడువు తీరాక రాజ్యభాగం అడగబోయిన అలరాజు విషప్రయోగంతో మరణించాడు. ఆపై 1182 ప్రాంతంలో కారంపూడి రణరంగమైంది. గెలుపు ఎవరిదన్న ప్రశ్నకు అర్థం మిగలలేదు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు. పల్నాడు కాకతీయుల ఏలుబడిలోకి పోయింది.

ఈ ఆయుధాలలో ఏది నిజంగా ఆ నాటిది? చరిత్రకారుడు అడగవలసిన మొదటి ప్రశ్న అదే. కానీ ఏటా నాగులేటిలో కడిగి, పసుపు పూసి, భుజాన మోసే ఇనుము తన వయసును తానే చెరుపుకుంటుంది. మ్యూజియంలో వస్తువు నిలుస్తుంది, దాని వాడుక చచ్చిపోతుంది. ఇక్కడ వాడుక నిలిచింది, వస్తువు సాక్ష్యం చెప్పలేకపోతోంది. నాకు రెండోదే మేలనిపించింది. శాస్త్రీయంగా ఆలోచించేవారు కోప్పడవచ్చు.

కార్తీక అమావాస్యతో మొదలయ్యే ఐదు రోజుల ఉత్సవం యుద్ధాన్ని వరుసగా మళ్ళీ నడుపుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఈ పేర్లు చదువుతుంటేనే గ్రంథంలోని అధ్యాయాలు తిప్పినట్లుంటుంది. శ్రీనాథుని పేరిట వాడుకలో ఉన్న ద్విపద కావ్యాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ పల్నాటి గాయకుల నోట విన్న కథను 1982లో ఆంగ్లంలో గ్రంథంగా తెచ్చారు. శ్రీనాథుడు యుద్ధానికి రెండు శతాబ్దాల పైచిలుకు తరువాతివాడు. ఆ మధ్యకాలంలో దీన్ని మోసినవి గొంతులూ ఈ గుడీ.

మందపోరు నాడు చాపకూడు ఉంటుంది. కులభేదం లేకుండా ఒకే చాప మీద కూర్చుని భుజించడం. బ్రహ్మనాయుడు మొదలుపెట్టాడని చెప్పే ఆచారం ఇది. మాలకులంలో పుట్టిన కన్నమదాసును ఆయన కొడుకుగా స్వీకరించి సేనాని చేశాడని కథ. బాలచంద్రుని వెంట నడిచిన తమ్ముళ్ళలో బ్రాహ్మణుడైన అనపోతుతో పాటు కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి కులాల వారున్నారు. రాజుల ఆయుధాలు దాచే శాలలు దేశంలో చాలా ఉన్నాయి. చాకలి వీరుడికి మొక్కే చోటు అరుదు. గుడిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది ఇదే.

ఒక లోటు మాత్రం చెప్పక తప్పదు. ఇది బ్రహ్మనాయుడి పక్షపు గుడి. ఎదుటి పక్షాన మంత్రిత్వం నెరపిన నాగమ్మ కథలో కుట్రకు మారుపేరుగానే మిగిలింది. పన్నెండవ శతాబ్దిలో ఒక స్త్రీ రాజ్యాన్ని నడిపిందంటే అది సామాన్యమైన సంగతా? రాయబారాన్ని తిరస్కరించడానికి ఆమెకున్న కారణాలేమిటో వీరగాథ చెప్పదు. మ్యూజియం నడిపేవారు కనీసం రెండో గోడ మీద ఆమె వాదం రాసిపెట్టి ఉండేవారు. పూజలో ఆ సౌలభ్యం ఉండదు.

వెళ్ళదలచిన మిత్రులకు ఒక మాట. తీరికగా చూడాలంటే మామూలు రోజుల్లో పోవాలి, ఇరుగు పొరుగు పెద్దలు ఓపికగా కథ చెబుతారు. కొణతాలు నాగులేటికి కదలడం చూడాలంటే మాత్రం కార్తీక అమావాస్యకే పోవాలి.